డెట్రాయిట్‌లో ఒక పాత షో కారు పుట్టుపూర్వోత్తరాలు

డెట్రాయిట్ శివార్లలో పాత కార్లను బాగుచేసే ఒక వర్క్‌షాపులో నేను చేసే ఉద్యోగం, చదివింది మెకానికల్ ఇంజనీరింగే అయినా, పాత దస్తావేజులు తిరగేసే కరణం పనికి దగ్గరగా ఉంటుంది. కారును కొన్నవారో, తండ్రి తదనంతరం చేతికొచ్చినవారో దానిని విప్పించే ముందు అది ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తేల్చమని అడుగుతారు. కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్లే ఉన్న కారయితే ఈ పని కొంత సులువు. 1967 మోడళ్లనుంచి వచ్చిన ఫోర్డ్ కార్లకు ఏ రంగు వేసి ఏ డీలరుకు పంపారో చెప్పే ఉత్పత్తి రికార్డులను ఈనాటికీ రుసుము కట్టి తెప్పించుకోవచ్చు. కస్టమ్ కారు సంగతి వేరు. కప్పు కోసి కిందికి దించడం, తలుపుల పిడులు తీసేసి నున్నగా పూడ్చడం, వేరే కంపెనీల దీపాలు, పట్టీలు తెచ్చి అమర్చడం, ఇలా ఫ్యాక్టరీ ఆనవాళ్లను ఒక్కొక్కటిగా చెరిపేయడమే ఆ విద్య కనుక, ఫ్యాక్టరీ కాగితం దొరికినా అది ఈ కారు పుట్టకముందు సంగతే చెబుతుంది.

మా దగ్గరికి వచ్చిన, ఫోర్డ్ కంపెనీవారి 1951 మెర్క్యురీ అటువంటిదే. తండ్రి పోయాక ఆయన గ్యారేజీ ఖాళీ చేయిస్తూ కొడుకు దానిని ట్రెయిలరు మీద తెచ్చాడు. కాలిఫోర్నియాలోని లిన్‌వుడ్‌లో, కస్టమ్ కార్లకు పేరుమోసిన బారిస్ సోదరుల షాపులో తయారైన కారు ఇదని వాళ్లింట్లో అందరూ చిన్నప్పటినుంచీ వింటున్న మాట. ఆ మాట నిజమైతే కారు విలువ ఎన్ని రెట్లు పెరుగుతుందో ఈ రంగంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 1952లో బాబ్ హిరోహాటా అనే జపనీస్ అమెరికన్ యువకుడు తన 1951 మెర్క్యురీని ఆ షాపులోనే అప్పగించాడు. కప్పు దించి, నడిమి స్తంభాలు తీసేసి, పక్కలకు బ్యూక్ పట్టీలు వేసి, రెండు ఛాయల ఆకుపచ్చలో వాళ్లు తయారుచేసిన ఆ కారు 2022 జనవరి వేలంలో 21 లక్షల 45 వేల డాలర్లు పలికింది. ఆ ధరకు అందం ఒక్కటే కారణం కాదు. 1959లో ఒక కుర్రవాడు దానిని పాత కార్ల అంగడిలో 500 డాలర్లకు కొని జీవితాంతం తన దగ్గరే ఉంచుకోవడం వల్ల, యాజమాన్యపు గొలుసులో ఒక్క కొక్కెం కూడా ఊడలేదు. ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తుంది: అచ్చమైన అమెరికన్ వ్యసనంగా పేరుపడిన ఈ కస్టమ్ కార్ల చరిత్రలో అడుగడుగునా తగిలేది వలస వచ్చినవారి బిడ్డలే. బారిస్ సోదరులు గ్రీకు కుటుంబానికి చెందినవారు, హిరోహాటా సంగతి చెప్పాను, కార్లను నేలకు ఆనేంత కిందికి దించి నడిపే తూర్పు లాస్ ఏంజెలెస్ లోరైడర్లు మెక్సికన్ ఇళ్లనుంచి వచ్చినవారు. మా షాపులో నన్ను వింతగా చూసే సందర్శకులకు ఈ సంగతి చెప్పడం నాకు ఇష్టం.

కాగితాల దారి తొందరగానే మూసుకుపోయింది. 1957 డిసెంబరులో బారిస్ షాపు తగలబడి చాలా కార్లు బూడిదయ్యాయి కనుక, ఎవరైనా ఆ షాపు పేరు చెప్పుకోవడం తేలిక, కాదని రుజువు చేయడం కష్టం. వాహనాల శాఖను అడుగుదామంటే, పాత యజమానుల వివరాలు అడ్డూ ఆపూ లేకుండా ఇవ్వకూడదని 1994లో కేంద్ర చట్టం వచ్చింది. ఛాసిస్ నంబరు మాత్రం కొంత పలికింది. పదిహేడు అక్షరాల నంబరు 1981 మోడళ్లనుంచి వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ పద్ధతి దానిది. దీనిమీద ‘51’ తరువాత ‘ఎస్‌ఎల్’ అని ఉంది, అంటే కారు సెయింట్ లూయీస్ ప్లాంటులో బిగించినది, లాస్ ఏంజెలెస్ ప్లాంటులో కాదు. అయితే కొన్నవాడు దానిని కాలిఫోర్నియాకు నడుపుకుంటూ వెళ్లి ఉండవచ్చు కదా అని ఓనరు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గ్రీన్‌కార్డు ఫైలు కోసం, ఎప్పుడో మూతపడ్డ పాత కంపెనీలో పనిచేసినట్లు నిరూపించుకోవడానికి అప్పటి సహోద్యోగుల చేత అఫిడవిట్లు రాయించుకున్న నాకు, కాగితం లేనంత మాత్రాన జరగలేదనడం ఎంత అన్యాయమో తెలుసు.

కాగితం ఆగినచోట రేకు మాట్లాడింది. ఆ కాలపు కస్టమ్ పనివాళ్లు అతుకులను లప్పంతో కాదు, కరిగిన సీసంతో పూడ్చేవారు. వెనుక మడ్‌గార్డు అడుగున సీసాన్ని గ్యాసు మంటతో వేడిచేసి కరిగించి తీస్తే, కింద రేకు గుంటలు గుంటలుగా తుప్పు తిని ఉంది. బాగా చెడినచోట కొత్త రేకు అతికి, దానిమీద సీసం పోశారు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు చేసే పని అది. అంటే కస్టమ్ పని మొదలయ్యేనాటికే ఈ కారు కొన్ని మంచుకాలాలు చూసింది.

కప్పు స్తంభాల లోపలి వెల్డింగుల ఫొటోలు నేను విజయవాడకు, మా నాన్నకు పంపాను. ఆయన ఆటోనగర్‌లో, కంపెనీ నుంచి వచ్చిన ఉత్త ఛాసిస్‌ల మీద లారీ బాడీలు కట్టే షెడ్డులో జీవితమంతా పనిచేసిన మనిషి. ఫొటోలు చూసి వెంటనే ఫోన్ చేశారు. “ఇవి రెండూ ఒక చెయ్యి కాదురా. ఎడమపక్క కుట్టు చూడు, గ్యాసు మంట ఎక్కడా తొట్రుపడలేదు. కుడిపక్క రేకు కాలి చిల్లులు పడితే మళ్లీ నింపాడు. ఎవడో నేర్చుకునే కుర్రాడికి ఆ పక్క వదిలేశారు,” అన్నారు. మా షాపు పెద్ద వెల్డరుకు ఆ మాట చెబితే, ఆయన టార్చిలైటు పట్టుకుని రెండు స్తంభాలలోకీ తొంగిచూసి తల ఊపాడు. కాలిఫోర్నియా షాపులోనూ శిష్యులు ఉంటారు గనుక దీనితో ఏదీ తేలిపోదు. అయినా నివేదికలో ఈ పరిశీలనకు ఒక పేరా ఇచ్చాను.

కాలం తేల్చింది రంగు. డిక్కీ మూత లోపలి అంచున వేలెడు వెడల్పున సన్నటి సాండ్‌పేపరుతో ఏటవాలుగా అరగదీస్తే, పొరలన్నీ వలయాలుగా బయటపడతాయి: ఫ్యాక్టరీ ప్రైమరు, దానిమీద కంపెనీ ముదురు నీలం, మళ్లీ బూడిదరంగు ప్రైమరు, ఆపైన రేకు తునకల్లా మెరిసే మెటల్‌ఫ్లేక్, చివరగా ఎర్రటి పొర. మెటల్‌ఫ్లేక్ 1960 ప్రాంతంలో గానీ బజారులోకి రాలేదు. నీలానికీ దానికీ మధ్య మరే రంగూ లేదు కాబట్టి, కారు మొదటిసారి షో రంగు వేసుకున్నది లిన్‌వుడ్ షాపు కాలిపోయిన తరువాతే.

ఓనరు మేనత్త ఆల్బమ్ నుంచి వచ్చిన ఒక చిన్న ఫొటో మిగతాది చెప్పింది. కప్పు కోసి దించిన ఇదే మెర్క్యురీ, అద్దాలు లేకుండా, బూడిదరంగు ప్రైమరుతో, వెనక నిలువెత్తు మంచుకుప్ప. ప్రింటు అంచున ఫిబ్రవరి 1962 అని అచ్చయి ఉంది. అది ఫొటో కడిగిన నెలే తప్ప తీసిన నెల కాకపోవచ్చు. కానీ అంతటి మంచు లిన్‌వుడ్‌లో పడదు. 1953లో మిషిగన్ హాట్‌రాడ్ అసోసియేషన్ మొదలుపెట్టిన డెట్రాయిట్ ఆటోరమా అనే కార్ల షో పాత ప్రోగ్రాం పుస్తకాలు దాచుకున్న ఒక పెద్దాయన దగ్గర, ఓనరు ఇంటిపేరుతోనే ఒక ఎర్ర మెర్క్యురీ ఎంట్రీ కూడా దొరికింది.

మరి ముందు మడ్‌గార్డు మీదున్న, బారిస్ షాపు పేరున్న బిళ్ళ మాటేమిటని ఓనరు అడిగాడు. విప్పి చూపించాము. దాని స్క్రూల కోసం వేసిన చిల్లులు పై ఎర్రరంగును కోసుకుంటూ వెళ్లాయి, చిల్లుల లోపల రంగు లేదు. అంటే కారు పూర్తయ్యాక ఎవరో తగిలించినది. ఆయన ముఖం చిన్నబోయింది. నివేదికలో నేను రాసింది ఇంతే: మిషిగన్‌లో, 1960 దశాబ్దపు తొలి ఏళ్లలో, కనీసం రెండు చేతుల పని, తయారుచేసిన షాపు పేరు నిర్ధారణ కాలేదు. బిళ్ళను మళ్లీ పెట్టమని ఆయన పట్టుబట్టాడు, అది తన నాన్న పెట్టినదేమో అన్నాడు. మా యజమాని ఒప్పుకున్నారు, కానీ షోలో కారు ముందు నిలబెట్టే బోర్డు మీద బారిస్ పేరు రాయడానికి మాత్రం ఒప్పుకోలేదు. బోర్డు మీది వాక్యాలు ఇప్పుడు నేనే రాస్తున్నాను.