కుక్క తరిమిందా, తోడేలు తరిమిందా?

ఇవాళ ఏథెన్స్‌లో ఒక స్పీచ్ థెరపీ సెషన్ చూశాను. ఏడేళ్ల బాబు. వినికిడి బాగుంది, మంచి చురుకు, చిక్కల్లా భాషతోనే. ముందు రెండు బొమ్మలు పెట్టారు: ఒకదాంట్లో కుక్క తోడేలును తరుముతోంది, ఇంకోదాంట్లో తోడేలు కుక్కను. ఏది చూపించాలో గ్రీకులో చెప్పారు.

"ఒ స్కీలోస్ పు కినిఘాయ్ తొన్ లీకో." తోడేలును తరిమే కుక్క. ఠక్కున చూపించాడు.

"ఒ స్కీలోస్ పు కినిఘాయ్ ఒ లీకోస్." తోడేలు తరిమే కుక్క. మళ్లీ అదే బొమ్మ మీద వేలు!

తేడా అంతా 'తొన్' స్థానంలో 'ఒ', చివర ఒక 'స్'. రెండో రకం వాక్యం మామూలు పిల్లలకీ కాస్త కష్టమే, భాషాలోపం ఉన్నవాళ్లకి మరీనూ. దాన్ని అశ్రద్ధ అనుకుని తిట్టేవాళ్లని తలుచుకుంటే ఒళ్లు మండింది.

'తోడేలును'లో మన తెలుగు 'ను' చేసే పనీ ఇదే కదా, నాకు ఇప్పుడే తట్టింది! వాడేమో అప్పటికే కుక్క తోకకి ఎర్ర రంగు పూసేస్తున్నాడు.