మంచును తట్టుకునే పామ్‌లు, బెజవాడ ఎండ: సంక్రాంతి నుంచి ఆరుద్ర దాకా

విండ్‌మిల్ పామ్ సున్నాకు దిగువ 12 డిగ్రీల చలిలోనూ బతుకుతుంది. దానికి గండమల్లా బెజవాడ మే నెల.

చలి దేశాల్లో దీన్ని ఆరుబయట పెంచేవాళ్ళు శీతాకాలం ముందు ఆకులన్నీ పైకి చేర్చి తాడుతో కడతారు. పైన తెల్లటి ఫ్లీస్ గుడ్డ చుడతారు. లోపల బల్బుల దండ వేసి, 2 డిగ్రీల దగ్గర వెలిగి 7 దగ్గర ఆరిపోయే థర్మోస్టాట్‌కు తగిలిస్తారు. చెట్టు మొదలు చుట్టూ అడుగు మందాన ఎండుటాకులు పోస్తారు. మొవ్వులో నీళ్ళు చేరి గడ్డకడితే చెట్టు పోతుందని వాళ్ళ భయం. మన దగ్గర మొవ్వు కన్నా ముందు కుండీలో వేళ్ళు ఉడికిపోతాయి. అందరూ ఆకు మాడిందని షేడ్ నెట్ (నీడ వల) మీద నెట్ కడతారు. కుండీ మాత్రం ఎండలోనే కాగుతుంటుంది. ఈ లెక్కంతా ఆ కుండీ గురించే.

మా డాబా మీద ఉన్నవి నాలుగు జాతులు. విండ్‌మిల్ పామ్ (ట్రాకికార్పస్ ఫార్చ్యూనై), లేడీ పామ్ (రాపిస్ ఎక్సెల్సా), చైనీస్ ఫ్యాన్ పామ్ (లివిస్టోనా చైనెన్సిస్), మధ్యధరా ప్రాంతపు పొట్టి పామ్ (కెమరాప్స్ హ్యుమిలిస్). కొనేటప్పుడు పేరు నమ్మొద్దు, ఆకు కాడ తడిమి చూడండి. లివిస్టోనా లేత మొక్క కాడకు వంకర ముళ్ళు స్పష్టంగా ఉంటాయి. విండ్‌మిల్ కాడ అంచు సన్నని రంపంలా గరుకుగా ఉంటుందంతే, కాండానికి గోధుమరంగు పీచు చుట్టుకుని ఉంటుంది. కెమరాప్స్ ముళ్ళు పొడవు, చేయి గీరుకుపోతుంది. మన తాటాకులా విసనకర్ర ఆకు ఉన్నదల్లా 'ఫ్యాన్ పామ్' అని అమ్మేయడం మామూలే.

జనవరి, సంక్రాంతి తర్వాతి వారం: కుండీ మార్పు

మట్టి మార్చాలంటే ఇదే అదను. ఫిబ్రవరి దాటితే మానుకోండి. పామ్ వేరు తెగితే, తెగిన చోటి నుంచి పిల్లవేళ్ళు రావడం కొన్ని జాతుల్లోనే జరుగుతుంది. చాలావాటిలో కాండం అడుగు నుంచి కొత్త వేరు పుట్టాల్సిందే. ఎండ ముదిరేలోపు దానికి రెండు నెలలైనా చిక్కాలి.

14 అంగుళాల కుండీకి పట్టేది సుమారు 25 లీటర్ల మిశ్రమం. పాళ్ళు ఇవి: ముతక ఇసుక 3, ఎర్రమట్టి 3, కడిగిన కొబ్బరి పొట్టు 2, బాగా మాగిన పశువుల ఎరువు 1, బఠాణీ గింజంత కంకర 1. ఏ కొలత వాడినా సరే, అన్నిటికీ ఒకటే వాడాలి. గుంటూరు వైపు నుంచి తెచ్చిన నల్లరేగడి కలపొద్దు. తడిసినప్పుడు బిగుసుకుని వేళ్ళకు గాలి ఆడనివ్వదు, ఎండినప్పుడు నెర్రెలిచ్చి సన్న వేళ్ళను తెంపేస్తుంది. పోసిన నీళ్ళు ఆ నెర్రెల గుండా అడుక్కు జారిపోతాయి, ముద్ద మధ్యలో పొడిగానే ఉంటుంది.

కొబ్బరి పొట్టు 5 కేజీల ఇటుక నానితే 70 లీటర్ల దాకా అవుతుంది. దాన్ని మంచినీళ్ళలో నానబెట్టి, పిండి, మళ్ళీ నానబెట్టి పిండాలి. రెండుసార్లు తప్పనిసరి. లేకపోతే అందులోని ఉప్పు లేడీ పామ్ ఆకు కొసల్లో బయటపడుతుంది.

నర్సరీ కవరులోని జిగట మట్టి ముద్దను కత్తితో చెక్కొద్దు. బకెట్ నీళ్ళలో గంటసేపు ఉంచితే బయటి పొర దానంతటదే కరుగుతుంది. లోపలిది అలాగే ఉండనివ్వండి. మొక్క కవరులో ఎంత లోతున ఉందో ఇక్కడా అంతే. అంగుళం లోతుగా దిగినా కాండం మెడ దగ్గర కుళ్ళు మొదలవుతుంది.

ఫిబ్రవరి ఆఖరు: జంట కుండీలు

14 అంగుళాల ప్లాస్టిక్ కుండీని 18 అంగుళాల మట్టి కుండీలో దించి, చుట్టూ రెండు అంగుళాల సందులో సగం ఇసుక, సగం కొబ్బరి పొట్టు కూరాం. ఆ సందు ఎప్పుడూ తడిగా ఉండాలి. కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇక్కడా. మట్టి గోడ చెమర్చి, ఆ తడి ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. బయటి కుండీకి పెయింట్ వేయకూడదు, వేస్తే చెమర్చడం ఆగిపోతుంది. అందం కోసం వార్నిష్ పూసిన కుండీలు ఈ పనికి దండగ.

దీంట్లో పొరపాట్లు మూడు రకాలు. బయటి కుండీ అడుగు రంధ్రం మూసుకుపోతే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళుతాయి, దోమలు చేరతాయి. రంధ్రం మీద పెంకు బోర్లా పెట్టి, పైన పిడికెడు కంకర వేయాలి. రెండోది బరువు. తడి ఇసుక, మట్టి, కుండీ కలిపి ఒక్కోటి 80-90 కేజీలు తూగుతుంది, కాబట్టి శ్లాబు నడిమధ్య కాకుండా గోడ మీదుగానో బీము మీదుగానో పెట్టాలి. మూడోది నేల వేడి. శ్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రి పదింటికి కూడా కక్కుతూనే ఉంటుంది. కుండీ కింద మూడు ఇటుకలు పేర్చి నాలుగు అంగుళాల సందు వదలాలి. చుట్టూ నాలుగడుగుల మేర నేలకు సున్నం రెండు పూతలు కొట్టాం.

జంట కుండీకి చోటు లేని లేడీ పామ్‌కు గోనె సంచి చుట్టి సుతిలితో బిగించాం. గోనె తడి ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఎండిపోయిన గోనె కుండీకి కప్పిన కంబళే.

మార్చి 20: నెట్

కెమరాప్స్‌కు నెట్ అక్కర్లేదు, అది ఎండ దేశపు చెట్టే. విండ్‌మిల్‌కు, లివిస్టోనాకు 50 శాతం ఎండ ఆపే నెట్, లేడీ పామ్‌కు 75 శాతం ఆపేది. ఆకుపచ్చ నెట్ కన్నా తెల్లది మేలు, అది తక్కువ వేడెక్కుతుంది. ఏదైనా సరే, ఆకు పైన మూడడుగుల ఖాళీ ఉండాలి. నెట్‌ను దుప్పటిలా మొక్క మీదే కప్పితే తగిలినచోటల్లా ఆకు మాడి, గళ్ళు గళ్ళుగా మచ్చ పడుతుంది. కింద గాలి ఆడక ఇంకా ఉడుకుతుంది కూడా.

నాలుగు మూలలా అంగుళం జీఐ పైపులు, పైన బైండింగ్ వైరు. నెట్ అంచును రెండు మడతలు పెట్టి, లోపల నైలాన్ తాడు పోయేలా కుట్టించాలి. అంచు కుట్టని నెట్ మొదటి ఈదురుగాలికే కన్నాల దగ్గర చీలుతుంది. రెండు వైపులా గట్టిగా ముడివేసి, మిగతా రెండు వైపులా కొక్కేలకు తగిలించాం. సాయంత్రం మబ్బు కమ్మితే నిమిషంలో విప్పేసి పక్కకు చుట్టేయొచ్చు. బిగించి కట్టిన నెట్ గాలికి తెరచాపై, పైపుల్ని పిట్టగోడతో సహా లాగుతుంది.

అశ్వని కార్తె, ఏప్రిల్ మూడో వారం: నీళ్ళు

డాబా మీది నల్ల ట్యాంకు నీళ్ళు మధ్యాహ్నానికి చేయి పెట్టలేనంత కాగుతాయి. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన నీళ్ళు ఇంకా వేడి. రాత్రే డ్రమ్ములో పట్టి మూతపెట్టి, తెల్లారి ఆరున్నరలోపు పోయడమే పద్ధతి. 14 అంగుళాల కుండీకి ఉదయం 3 నుంచి 4 లీటర్లు, బయటి సందుకు విడిగా 2 లీటర్లు. వేలు రెండు కణుపులు దించి చూడటం కన్నా కుండీని కాస్త పక్కకు వంచి బరువు చూడటం నమ్మకం. జంట కుండీని వంచడం కుదరదు, దానికి వెదురు పుల్ల గుచ్చి తీసి తడి చూడాలి.

బోరు నీళ్ళయితే, కరిగిన ఉప్పులెన్నో చూపే టీడీఎస్ మీటరు పెట్టండి. వెయ్యి దాటిన నీళ్ళు లేడీ పామ్‌కు పనికిరావు. మున్సిపల్ కృష్ణా నీళ్ళు వీలైనంత దానికే కేటాయించాలి. కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తే ఉప్పు పేరుతోందని అర్థం. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల నీళ్ళు, అంటే 50 లీటర్లు, గంటసేపట్లో మెల్లగా పోసి అడుగు నుంచి పారనివ్వాలి. కొస మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. మాడిన మేరకే కత్తిరించాలి, అదీ పచ్చ భాగంలోకి కత్తెర పోకుండా.

మే 7: సూర్యుడు నడినెత్తిన

చాలామంది లెక్కలోకి తీసుకోని సంగతి ఇది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం చివర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. అప్పటి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరానే. జూన్ 21 నాటికి 7 డిగ్రీలు ఉత్తరంగా ఉంటాడు. చలికాలమంతా నీడనిచ్చిన ఉత్తరపు గోడ పక్క చోటు మేలో ఎండలోకి వచ్చేస్తుంది. సూర్యాస్తమయం కూడా నేరుగా పడమర కాదు, జూన్‌లో సుమారు 24 డిగ్రీలు వాయవ్యం వైపు. అందుకే పడమటి వైపు దించిన నెట్ తెరను వాయవ్య మూల మీదుగా ఉత్తరానికి ఇంకో నాలుగడుగులు తిప్పాం. కుండీలకు సాయంత్రం మూడు నుంచి ఐదున్నర దాకా పడే ఎండే చేటు. ఆ తెర నేలదాకా దిగాలి, ఆకులకే కాదు కుండీకీ నీడ పడాలి.

కృత్తిక కార్తె: వేడి కొలతలు, నల్లి

మట్టిలో గుచ్చే పుల్ల థర్మామీటరును కుండీ పడమటి గోడకు రెండు అంగుళాల దూరంలో, నాలుగు అంగుళాల లోతున గుచ్చి సాయంత్రం నాలుగింటికి చూడాలి. పోల్చడానికి ఎండలో ఉంచిన, మొక్క లేని నల్ల ప్లాస్టిక్ కుండీలో మట్టి 45 డిగ్రీలు దాటింది. జంట కుండీలో 35 దరిదాపుల్లోనే ఆగింది. 40 దాటితే సన్న వేళ్ళు దెబ్బతింటాయి. తర్వాత ఎన్ని నీళ్ళు పోసినా ఆకు వాడే ఉంటుంది, అది దాహమనుకుని ఇంకా పోస్తాం, చచ్చిన వేళ్ళు కుళ్ళుతాయి. మేలో పోయిన పామ్‌లలో చాలావాటి కథ ఇదే.

ఒక మెలిక ఉంది. పొడి వడగాలి వీచే రోజున జంట కుండీ బాగా చల్లబడుతుంది. సముద్రం వైపు గాలి తిరిగి ఉక్కపోత పెట్టిన రోజున ఆవిరి తక్కువ, చల్లదనమూ తక్కువే. ఆ రోజుల్లో నీళ్ళు పెంచినా లాభం లేదు, నీడే దిక్కు.

ఆకు అడుగున ఎర్రనల్లి. పైన సన్నని పసుపు చుక్కలు, కింద దుమ్ములాంటి గూడు. తెల్లకాగితం మీద ఆకు దులిపితే కదిలే చుక్కలు కనిపిస్తాయి. నీటిలో కలిసే గంధకం దీనికి మందే గానీ, 32 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే ఆకే మాడుతుంది. మేలో అసలు వద్దు. మూడు రోజులకోసారి, ఉదయం, ఆకు అడుగుకు తగిలేలా గట్టిగా నీళ్ళు కొట్టాలి. వరుసగా నాలుగుసార్లు చేస్తే చాలావరకు పోతుంది.

రోహిణి కార్తె: ఏమీ చేయకపోవడం

రోళ్ళు పగిలే ఎండలంటారు. ఎరువు బంద్, కత్తెర బంద్. యూరియా చిటికెడు కూడా వద్దు. ముదురాకుల మీద నారింజ చుక్కలు, కొసల ఎండు కనిపిస్తే అది పొటాషియం లోపం. ఆ ఆకును కోసేస్తే చెట్టు పైఆకు నుంచి లాక్కుంటుంది, అందుకని ఉంచేయాలి. పొటాషియం సల్ఫేట్ జూలైలో, కుండీకి 10 గ్రాములు.

సాయంత్రం ఆరు దాటాక లీటరున్నర, మట్టికి మాత్రమే. మొవ్వులో పడకూడదు. మొవ్వు ఆకు కొనను రెండు వేళ్ళతో మెల్లగా లాగి చూడటం వారానికోసారి చేయాలి. ఊడి చేతికొచ్చి, అడుగు మెత్తగా దుర్వాసన వస్తే మొవ్వు కుళ్ళు. కుళ్ళింది తీసేసి, దూదితో తుడిచి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొవ్వులో పోయాలి. వారం తర్వాత మళ్ళీ. పైన వాన పడకుండా రేకు ముక్క వంచి పెట్టాలి, కానీ గాలి ఆడాలి. అడుగున ఉన్న మొగ్గ బతికి ఉంటే రెండు మూడు నెలల్లో కురచ ఆకు ఒకటి బయటికొస్తుంది. మొవ్వు ఊడిన వెంటనే చెట్టు పారేయకండి.

ఎదుగుదల కొలవడానికి మొవ్వు మీదా పక్క కాడ మీదా ఒకే ఎత్తున మార్కరుతో గీత. వారానికోసారి రెండు గీతల మధ్య దూరం కొలవడమే. జనవరి, ఫిబ్రవరిలో చక్కగా జరిగిన విండ్‌మిల్ గీత మే రెండో వారం నుంచి నిలిచిపోయింది. రాత్రుళ్ళు కూడా చల్లబడని ఊళ్ళో దీనికది సహజం, మందులు వెతక్కండి. లివిస్టోనా మాత్రం ఆగలేదు. నిజం చెప్పాలంటే బెజవాడకు ఈ నాలుగింటిలో తగిన చెట్టు అదే.

మృగశిర, ఆరుద్ర

తొలకరి పడగానే కొమ్ము పురుగు వస్తుంది. పక్కన పేడకుప్ప ఉంటే మరీను, అది గుడ్లు పెట్టేది అక్కడే. విచ్చిన ఆకు విసనకర్రను కత్తిరించినట్టు కనిపిస్తే మొవ్వులో రంధ్రం వెతకండి. కొబ్బరి రైతుల ఉపాయమే ఇక్కడా: పై మూడు ఆకు మొదళ్ళలో నాఫ్తలీన్ గోళీ ఒక్కోటి, మీద ఇసుక.

గోనెలు తీసేయాలి, వానకు నాని చీమలు గూడు పెడతాయి. నెట్ ఒక్కసారిగా తీయొద్దు. వారం రోజులు సాయంత్రాలు మాత్రమే విప్పి, మరో వారం మబ్బు రోజుల్లో పూర్తిగా తీసి, ఆపైన చుట్టేయాలి. వైరు, కొక్కేలు అలాగే ఉండనివ్వండి. ఆగస్టు మొదటి వారంలో సూర్యుడు మళ్ళీ నడినెత్తికి వస్తాడు, వాన తెరిపిచ్చిన వారం పడితే లేడీ పామ్‌కు నెట్ మళ్ళీ కావాలి.