రిపోర్టులన్నీ నార్మల్, ఒళ్లంతా నొప్పి

మెడ దగ్గర మొదలైన నొప్పి కొన్ని నెలల్లో భుజాలకు, నడుముకు, మోకాళ్లకు పాకింది. రాత్రంతా పడుకున్నా పొద్దున లేచేసరికి కంటిమీద కునుకే పడనట్టు ఉండేది. ఒంట్లో వాపు ఉంటే చూపించే ఈఎస్ఆర్, సీఆర్‌పీ, కీళ్లవాతం కోసం చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్, థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించాం. అన్నీ నార్మల్. రిపోర్టు వచ్చిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునేవారు, నాకు మాత్రం టెన్షన్ పెరిగేది. జబ్బే లేకపోతే మరి ఈ నొప్పి ఏమిటి? "మీరు ఎక్కువ ఆలోచిస్తున్నారు" అని ఒక డాక్టర్ అన్నరోజు బయటికి వచ్చి ఏడ్చేశాను.

చివరికి కీళ్లు, కండరాల జబ్బులు చూసే ఒక రుమటాలజిస్టు దాని పేరు చెప్పారు: ఫైబ్రోమయాల్జియా. ఈ జబ్బును గుర్తించడానికి పెట్టుకున్న 1990 నాటి ప్రమాణాల్లో ఒంటిమీద 18 చోట్ల నొక్కి, కనీసం 11 చోట్ల నొప్పి ఉందా అని చూసేవారు. 2010లో వచ్చిన ప్రమాణాల్లో ఆ నొక్కడం లేదు. నొప్పి ఎన్ని భాగాల్లో ఉంది, నిద్ర ఎలా ఉంది, అలసట ఎంత, విషయాలు గుర్తుంటున్నాయా అని అడుగుతారు. నన్నూ అలాగే ఓపిగ్గా అడిగారు. కండరాలు, కీళ్లు చెడిపోలేదని, నొప్పిని మోసే నరాలూ మెదడూ అతిగా స్పందిస్తున్నాయని, రేడియో వాల్యూమ్ ఎవరో పైకి తిప్పేసినట్టని వివరించారు. అందుకే రక్తపరీక్షల్లో దొరకదు. దొరకనంత మాత్రాన అబద్ధం కాదు. ఈ మాట ఆయన మావారి ఎదురుగా చెప్పారు. మందు మొదలుపెట్టకముందే నాకు సగం బరువు దిగింది.

మామూలు నొప్పి మాత్రలు దీనికి పెద్దగా పనిచేయవట. రాత్రిపూట తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ రాశారు. అది డిప్రెషన్‌కు వాడే మందని తెలిసి అత్తయ్యగారు కంగారుపడ్డారు. ఇంత తక్కువ మోతాదులో ఇచ్చేది నొప్పికీ నిద్రకీ అని డాక్టర్ చెప్పాక కుదుటపడ్డారు. మొదట్లో నోరు ఎండిపోయేది, పొద్దున మత్తుగా ఉండేది. కొన్ని వారాలకు నిద్ర కుదిరింది. నొప్పి పోలేదు, తగ్గింది.

అసలు కష్టమంతా ఇంట్లోనే. చేతికి కట్టు ఉంటే ఎవరూ పని చెప్పరు. నా నొప్పి ఎవరికీ కనబడదు. ఒంట్లో బాగున్న రోజు పేరుకున్న పనంతా చేసేయడం, ఆ తర్వాత రెండుమూడు రోజులు మంచం పట్టడం ఇలాంటి నొప్పులున్న చాలామందిలో ఉండేదేనని ఫిజియోథెరపిస్టు చెప్పింది. నొప్పి పెరిగాక కాదు, టైమ్ అయ్యాక ఆగమంది. ఇరవై నిమిషాలు నిలబడగలిగితే పదిహేనుకే కూర్చోవాలి, బాగున్న రోజు కూడా. ఆ బాగున్న రోజే చాలా కష్టం. ఓపిక ఉండగా పని వదిలేసి కూర్చోవడానికి మనసొప్పదు, చూసేవాళ్లకు బద్ధకంలా ఉంటుంది. అందుకే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ముందే చెప్పాను. బరువులెత్తే పనులు మావారు తీసుకున్నారు. పిల్లల చదువులు, ఇంటి లెక్కలు నావి. ఆ రెండూ ఎవరికీ వదల్లేదు, వదలను.

నడక ఐదు నిమిషాలతో మొదలుపెట్టాను. ఒళ్లు నొప్పులు ఉన్నవాళ్లు నడవడమేమిటని చుట్టాలు అన్నారు. కానీ యూరప్ రుమటాలజీ సంఘం యూలర్ 2016లో ఇచ్చిన సూచనల్లో గట్టిగా సిఫార్సు చేసింది ఒక్క వ్యాయామాన్నే. మెల్లగా పెంచుకుంటూ పోవాలి, అంతే.

పిల్లలకు చెప్పడమే నాకు అన్నిటికన్నా ముఖ్యమైన పని అయింది. ఒకరోజు పాప నా పక్కన చేరి, "నిన్న నన్ను ఎత్తుకున్నావు కదమ్మా, అందుకేనా నొప్పి?" అంది. ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకుందో. నీవల్ల కాదు తల్లీ, నువ్వు ఎత్తుకోమనకపోయినా ఇది వస్తుంది అని చెప్పాను. నొప్పి దాచిపెడితే పిల్లలు కారణం తమలోనే వెతుక్కుంటారని అప్పుడు అర్థమైంది. అలాగని నా బాధంతా వాళ్లమీద వేయలేను. అందుకని సున్నా నుంచి పది వరకు ఒక అంకె మాత్రం చెబుతాను. సాయంత్రం బాబు వచ్చి, "ఈరోజు ఎంతమ్మా?" అంటాడు. నాలుగంటే క్యారమ్స్ బోర్డు తెస్తాడు. ఏడంటే పుస్తకం తెచ్చుకుని నా మంచం మీదే కూర్చుని చదువుకుంటాడు. మాటలు ఆగవు.

ఫంక్షన్లు మానడం లేదు. గంటసేపు ఉండి వస్తాను, మర్నాడు ఏ పనీ పెట్టుకోను. "అప్పుడే వెళ్లిపోతావా?" అని ఎవరైనా అంటే, "దాన్ని వెళ్లనివ్వండి, రేపు లేవాలి కదా" అని అత్తయ్యగారే సమాధానం చెబుతున్నారు.

ఈమధ్య డాక్టర్ మందు కొంచెం తగ్గించి చూద్దామన్నారు. పిల్లల పరీక్షలయ్యాక మొదలుపెడదామని అడిగాను, సరేనన్నారు.