ఎవరింటికి ఏ వేషం

మన బడి పాత విద్యార్థుల కలయికకు వేస్తున్న సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ తరఫున గడియారం (గడియారం, బొంగరం, దివిటీ అన్నవి మన తరగతిలో పెట్టుకున్న మారుపేర్లు) ఫోన్ చేసినప్పుడు, పాఠశాల రోజులన్నింటి గురించీ రాయమన్నాడు. అన్నీ రాయడం నావల్ల కాదు. ఆరు, ఏడు తరగతులు నాకు బొత్తిగా గుర్తు లేవు. ఎనిమిదిలో లెక్కల మాస్టారి బెత్తం తప్ప మరేమీ మిగలలేదు. పంపుసెట్టు సంగతి ఎవరో ఒకరు రాయక మానరు కనుక దాని జోలికి పోను. తొమ్మిదో తరగతిలో, 1974 శ్రీరామనవమికి కూచిపూడి మేళం మన ఇళ్ళలో దిగిన ముచ్చట ఒక్కటే రాస్తాను.

సార్వా పంట ఇళ్ళకు చేరాక భాగవతులు ఊళ్ళ మీదికి రావడం మన తాతల నాటి నుంచీ ఉన్నదే. వచ్చినవారు సత్రంలోనో గుడి మండపంలోనో దిగేవారు. ఊరివారు బియ్యం, పప్పు, నెయ్యి, కూరగాయలు పంపితే వారే వండుకునేవారు. ఆ ఏడు సత్రం పైకప్పు దించేసి ఉంది. పరీక్షలు దగ్గరపడ్డాయని హెడ్మాస్టారు బడి గదులు ఇవ్వనన్నారు. అప్పుడు మన తెలుగు మాస్టారు ముందురోజు సాయంత్రం వీధివీధీ తిరిగి పెద్దవాళ్ళతో మాట్లాడి వచ్చి, మర్నాడు మొదటి పీరియడ్లో హాజరు పట్టీ తెరిచి, పేరు పిలిచి "ప్రెజెంట్ సార్" అన్నవాడికల్లా ఒక వేషాన్నో వాద్యాన్నో అప్పగించడం మొదలుపెట్టారు. "నీకు మృదంగం. నీకు హిరణ్యకశిపుడు, నీ మొహానికి వేరే ఎవరూ దొరకరు. అమ్మాయీ, మీ ఇంటికి సత్యభామ." బొంగరం ఆ వారమంతా హిరణ్యకశిపుడి తాలూకు మనిషిలాగే నడిచాడు.

ఎవరు ఎవరింట్లో దిగాలి, ఎవరు ఎవరి చేతి వంట తినాలి అన్నది ఆ రోజుల్లో చిన్న మాట కాదు. మాస్టారు దానిని గుసగుసలకు వదలకుండా తరగతిలోనే పైకి చెప్పారు: గురువుగారు పెద్దవారు, స్వయంపాకం మానరు, ఆయనకు ఒక వసారా, కొత్త కుండ, ఎండు కట్టెలు ఇస్తే చాలు; కుర్రవాళ్ళు మీరు పెట్టిందే తింటారు, నేను అడిగే వచ్చాను. అంతా అయ్యాక దివిటీ లేచి నిలబడి, "మా ఇంటికెవరండీ?" అని అడిగాడు. కాలవ అవతలి ఇళ్ళకు ఎవరినీ కేటాయించలేదని అప్పుడు గాని మాలో చాలామందికి తట్టలేదు. మాస్టారు పట్టీ వంక చాలాసేపు చూశారు. "మీ ఇంటికి నేను వస్తానురా," అన్నారు. వెళ్ళారు కూడా. మేళం ఊళ్ళో ఉన్నన్ని రాత్రులూ ఆట చూసి వచ్చి ఆయన నడుం వాల్చింది దివిటీ వాళ్ళ అరుగు మీదే. అన్నం కూడా అక్కడే. ఆ తరువాత ఊళ్ళో నడిచిన మాటలు మీకందరికీ తెలుసు కనుక మళ్ళీ రాయను. మన బడిలో నేను నేర్చుకున్న తెలుగు వ్యాకరణం కన్నా ఆ ఒక్క వాక్యం నాకు ఎక్కువ పనికివచ్చిందని మాత్రం చెప్పగలను.

మా ఇంటికి సత్యభామ వస్తుందని విని మా నాయనమ్మ నడిమి గది అలికి ముగ్గు పెట్టించింది. తీరా వచ్చినాయన నలభై ఏళ్ళ మనిషి. నుదుటి మీద జుట్టు పలచబడింది, చేతిలో రేకు పెట్టె ఉంది. "ఈయనా భామ?" అని నాయనమ్మ మా అమ్మను అడిగింది, అందరికీ వినపడేలా. ఆయన నవ్వి, "రాత్రికి మీరే చెబుదురు గాని తల్లీ," అన్నారు. మేళంలో భామ వేషం కట్టేది వేదాంతం సత్యనారాయణ శర్మగారేనని మన ఊళ్ళో చాలామంది నమ్మకం. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక కూచిపూడి నుంచి వచ్చిన ప్రతి సత్యభామా ఆయనే అయిపోయారు. మా గుమ్మంలోకి వచ్చి అడిగినవారందరికీ మా అతిథి చేతులు జోడించి, "ఆయన వేరండీ, నేను ఆయన్ని చూసి నేర్చుకున్నవాణ్ణి," అని ఓపికగా చెప్పేవారు.

అతిథులను ఎలా చూసుకోవాలో మాస్టారు మాకు ముందే నూరిపోశారు. తెల్లవార్లూ ఆడినవారిని పొద్దున్నే లేపకూడదు, లేచాక కాళ్ళకు వేణ్ణీళ్ళు పెట్టాలి, ఇంట్లో పాడమనీ ఆడమనీ అడగకూడదు, మేళానికి ఎంత ముట్టిందని అడగడం అసలే కూడదు, ఇరుగుపొరుగును పిలిచి వింతమృగంలా చూపించకూడదు. ఆఖరిది మా నాయనమ్మ మొదటి గంటలోనే ఉల్లంఘించింది.

మధ్యాహ్నం దాటాక ఆయన మా పెరటి వసారాలో అద్దం పెట్టుకుని కూర్చునేవారు. గడ్డం నున్నగా గీసుకుని, మొహానికి పూసుకునే పచ్చరంగు అరదళం రాతి మీద నూరి, మొహానికి పట్టించి, కనుబొమలు దిద్దుకోవడానికి పొద్దు వాలేదాకా పట్టేది. పెట్టెలోంచి ముందు జడ తీసి, తాను పడుకోవలసిన మంచం మీద దానిని పరిచేవారు: రాగిడి, చంద్రవంక, కింద కుప్పెలు. నగలన్నీ తేలిక కర్రతో చెక్కి బంగారు రేకు అంటించినవి. జడ కుచ్చు ఒకటి ఊడితే నాయనమ్మ కుట్టి ఇచ్చింది. పోయేవరకూ ఆ సంగతి చెప్పుకుంటూనే ఉంది. చీర కట్టడం పూర్తయిన తరువాత ఆయన లేచి, గడప దగ్గర నిలబడి, "ఇన్ని మంచినీళ్ళు ఇప్పిస్తారటమ్మా?" అన్నారు. ఆ గొంతు పొద్దుటి గొంతు కాదు. నాయనమ్మ ఏమాత్రం తడుముకోకుండా, "కూర్చో అమ్మా, తెస్తా," అంది. మా నాన్నగారు కూడా అప్రయత్నంగా కుర్చీలోంచి లేచారు.

ఆ రాత్రి ఇద్దరు పట్టుకున్న తెర మీదుగా జడ ఇవతలికి పడింది. అది పండితులకు విసిరే సవాలట. నన్ను ఓడించగలవారుంటే ఈ జడ కోయవచ్చు అన్నట్టు. మన ఊళ్ళో కోసేవారెవరూ లేరు గాని, ఆ జడ కుచ్చు మా ఇంట్లో కుట్టినదని పక్కనున్నవారందరికీ చెప్పేవారు మాత్రం ఉన్నారు.

ఆడపిల్లలు ఆ వేషం కట్టకూడదా అని మర్నాడు నేను ఆయనను అడిగాను. మద్రాసులో వెంపటి చినసత్యంగారి అకాడమీలో ఆడపిల్లలే కడుతున్నారని, బాగానే కడుతున్నారని చెప్పారు. "మా ఊళ్ళో ప్రతి మగపిల్లవాడూ బతుకులో ఒక్కసారైనా భామ వేషం కట్టాలని, భామాకలాపం రాసిన సిద్ధేంద్ర యోగి కట్టడి అంటారు. మీకు ఆ కట్టడి లేదు, ఇష్టం ఉంటే చాలు," అన్నారు. నాకు ఇష్టం ఉండేది గాని కాళ్ళు కుదరలేదు. ఆటల మాస్టారికి ఆ సంగతి బాగా తెలుసు.

ప్రహ్లాద నాటకం రాత్రి దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లి మంటలు లేపుతుండగా ప్రవేశించిన హిరణ్యకశిపుడిని చూసి ముందు వరస పిల్లలంతా ఏడ్చారు. అదే హిరణ్యకశిపుడు బొంగరం వాళ్ళ ఇంట్లో అజీర్తితో రెండు పూటలా మజ్జిగన్నమే తిన్నాడని, వాళ్ళ కుక్కకు భయపడి పెరట్లోకి వెళ్ళాలంటే బొంగరాన్ని తోడు పిలిచేవాడని మనకు తెలుసు. బొంగరం చెల్లెలు మాత్రం గాదె వెనక నుంచి బయటికి రాలేదు. చివరికి ఆయన తన కిరీటం తీసి ఆ పిల్ల నెత్తిన పెడితే గాని ఆ ఇంట్లో శాంతి నెలకొనలేదు.

మేళం వెళ్ళాక మాస్టారు మాతో వ్యాసం రాయించారు. "రాత్రి ఏం చేశారో ఊరంతా చూసింది. పగలు ఏం చేశారో రాయండి." సగం తరగతి "నిద్రపోయారు" అని రాసి ఊరుకుంది. నేను నాలుగు పేజీలు రాశాను. మాస్టారు ఎర్ర సిరాతో, "జడ బరువెంతో అడిగావా?" అని మాత్రం రాసి ఇచ్చారు.

పదో తరగతి, ఇంటర్మీడియట్, గుంటూరు మెడికల్ కాలేజీ, పెళ్ళి: వీటి గురించి చెప్పుకోవలసినంత విశేషం లేదు. పిల్లల వైద్యురాలిగా పనిచేసి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటూ అమెరికాలో క్లీవ్‌లాండ్ దగ్గర ఉంటున్నాను. 1978 నుంచి ఇక్కడ ఏటా ఈస్టరు రోజులకు త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. ఆ రోజుల్లో చెన్నై నుంచీ మన వైపు నుంచీ వచ్చే విద్వాంసులకు మా ఇంటి కింది అంతస్తులో గది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మా పిల్లలు దానిని మేళం గది అంటారు. ఏప్రిల్లో కూడా ఇక్కడ మంచు పడవచ్చు. ఇల్లు వెచ్చగా ఉంచే యంత్రం గాలిలోని తేమనంతా లాగేసి వీణల శ్రుతినీ మృదంగాల చర్మాన్నీ పాడుచేస్తుంది కనుక, ఆ గదిలో తేమ కోసం వేరే యంత్రం పెట్టాను. మృదంగం ఎడమ మూతికి అంటించే ముద్ద కోసం సన్న రవ్వ వంటింట్లో ఉప్మా రవ్వకు దూరంగా వేరే డబ్బాలో ఉంటుంది. కచేరీకి ముందు ఎవరినీ భోజనానికి బలవంతపెట్టను, హాల్లో కూర్చోబెట్టి ఒక కీర్తన పాడమనను. పాడించే ఇళ్ళు ఉన్నాయి. ఆ ఇల్లాళ్ళతో నాకు పెద్దగా మాటలు లేవు. వేదిక మీద నా పేరు ఎవరూ చదవరు. కానీ చెన్నైలో ఇద్దరు ముగ్గురు పెద్ద విద్వాంసులు "ఆ డాక్టరమ్మగారి ఇంట్లోనైతే సరే" అంటారని విన్నప్పుడు, మాస్టారి పట్టీలో నా పేరు పక్కన ఇంకొక గీత పడినట్టు అనుకుంటాను.

గడియారం పంపిన కార్యక్రమ పత్రంలో రెండో రోజు రాత్రి భామాకలాపం అని ఉంది. బృందానికి గుడివాడలో లాడ్జి గదులు మాట్లాడామని కూడా రాశాడు. దయచేసి ఆ గదులు రద్దు చేయండి. మా అన్నయ్య నడిమి గది, వసారా ఇస్తానన్నాడు కనుక భామ మా ఇంటికి. గురువుగారు తన ఇంట్లోనే దిగాలని, కాలవ అవతల కట్టిన మేడలో పై అంతస్తు మొత్తం ఖాళీ చేయిస్తానని నేను అడగకముందే దివిటీ చెప్పాడు. ఈసారి ప్రహ్లాద నాటకం లేదు కాబట్టి బొంగరానికి మృదంగం ఇవ్వండి. కుక్కను కట్టేస్తానని నాకు ఫోన్లో మాట ఇచ్చాడు.