గ్యారేజీ కాంక్రీటు నేలకు సీలర్: తేమ పరీక్ష నుంచి రెండో పూత వరకు

ఈ పని తలపెట్టినప్పుడు నా మనసులో ఉన్నది నిగనిగలాడే ఎపాక్సీ పూత. అయితే ఏ పూత నిలుస్తుందో తేల్చేది నేలలోని తేమే కనుక, డబ్బా కొనకముందే ఏఎస్‌టీఎం (పదార్థాల పరీక్షలకు ప్రమాణాలు రూపొందించే సంస్థ) డి4263 ప్రమాణం చెప్పే పరీక్ష చేశాను. 18 అంగుళాల చదరపు పారదర్శక పాలిథిన్ ముక్కను నేలపై పరిచి, నాలుగు అంచులూ గాలి చొరబడకుండా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు కదపకుండా ఉంచాలి. తీసి చూసినప్పుడు షీటు లోపలి వైపు నీటి బిందువులు కనిపించినా, కాంక్రీటు రంగు ముదిరినా అడుగు నుంచి తేమ పైకి వస్తోందన్న మాట. తలుపు దగ్గరా, నడుమా నేల పొడిగానే ఉంది. వెనక గోడ వెంబడి మాత్రం షీటు కింద స్పష్టంగా నల్లబడింది.

దాంతో ఎపాక్సీ ఆలోచన మానుకున్నాను. ఎపాక్సీ నేలపై గట్టి పొరగా నిలుస్తుంది. కింది నుంచి వచ్చే నీటి ఆవిరికి దారి లేక, పొర పొక్కులు లేచి ఊడుతుంది. పట్టు సరిగా లేని పొరనైతే వేడి టైర్లు చల్లారుతూ తమతో పాటు పీకేస్తాయి కూడా. తేమను అడ్డుకునే ప్రత్యేక ప్రైమర్లు లేకపోలేదు గానీ, వాటికి నేలంతా డైమండ్ గ్రైండర్‌తో గరుకు చేయాలి. ఆ పనిలో లేచే సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కాబట్టి సరైన మాస్కు, ధూళి లాగే వాక్యూమ్ లేకుండా ఎవరూ దానికి పూనుకోకూడదు. నా నేలకు లోపలికి ఇంకి, ఆవిరిని బయటికి పోనిచ్చే సీలరే తగినదని నిశ్చయించుకున్నాను.

ఎక్కువ శ్రమ శుభ్రం చేయడంలోనే పడింది. ఇంజిన్ ఆయిల్ మరక ఉన్నచోట కాంక్రీటులోని సన్నటి రంధ్రాలు అప్పటికే నిండి ఉంటాయి గనుక సీలర్ ఇంకదు. క్షార గుణమున్న డీగ్రీజర్ (జిడ్డు వదిలించే ద్రవం) పోసి, గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది, అది ఆరకముందే కడిగేశాను. పాత మరకలకు అది చాలలేదు. బంకమట్టి పొడిని అదే డీగ్రీజర్‌తో ముద్దగా కలిపి, మరకపై దళసరిగా పరిచి, ఆరిన తర్వాత గీకేస్తే లోపలి నూనె చాలావరకు మట్టిలోకి వచ్చేసింది. యాసిడ్‌తో కడగడం మాత్రం ఉద్దేశపూర్వకంగానే మానుకున్నాను; యాసిడ్ ఆవిరికి చుట్టుపక్కల ఇనుప పనిముట్లు తుప్పు పడతాయి, సరిగా కడగకపోతే లవణాలు నేలలోనే మిగిలిపోతాయి. చివరగా నేలపై నీటి చుక్కలు వేసి చూశాను. చుక్క ఇంకి మచ్చ ముదిరితే రంధ్రాలు తెరుచుకున్నట్టే, పూసలా నిలిస్తే మళ్లీ రుద్దాల్సిందే.

చీపురు పట్టిన ప్రతిసారీ లేచే సిమెంటు దుమ్మును ఆపడానికి మొదట లిథియం సిలికేట్ డెన్సిఫయర్ (కాంక్రీటును గట్టిపరిచే ద్రవం) పట్టించాను. ఇది కాంక్రీటులోని కాల్షియం హైడ్రాక్సైడ్‌తో కలిసి కాల్షియం సిలికేట్ హైడ్రేట్‌గా మారుతుంది. సిమెంటుకు బలాన్నిచ్చే పదార్థం కూడా అదే. తయారీదారు చెప్పినంతసేపు నేలను తడిగా ఉంచి, మిగిలిన ద్రవాన్ని వైపర్‌తో లాగేయాలి. మడుగులుగా ఆరనిస్తే తెల్లటి పొర కడుతుంది, దాన్ని వదిలించడం కష్టం.

నేల పూర్తిగా ఆరిన తర్వాత, తలుపు తెరిచి ఉంచి, సిలేన్-సిలోక్సేన్ సీలర్‌ను తక్కువ ఒత్తిడి స్ప్రేయర్‌తో చల్లి, రోలర్‌తో సమంగా సర్దాను. సిలేన్ అణువులు చిన్నవి కాబట్టి లోతుకు దిగుతాయి, సిలోక్సేన్ ఉపరితలానికి దగ్గరగా ఉండిపోతుంది. రెండూ రంధ్రాలను మూసేయకుండా వాటి గోడలను నీరు అంటకుండా చేస్తాయి. మొదటి పూత తడి ఆరకముందే రెండోది వేయాలని డబ్బాపై ఉన్న సూచనను పాటించాను. కంట్రోల్ జాయింట్లపై (పగుళ్లు అడ్డదిడ్డంగా రాకుండా నేలలో కోసిన గాడులపై) ముందే టేపు వేశాను, ఎందుకంటే సీలర్ తగిలిన అంచులకు ఆ తర్వాత గాడి నింపే ఫిల్లర్ సరిగా పట్టదు.

ఇప్పుడు నీళ్లు పోస్తే పూసలుగా జారుతున్నాయి, ఊడ్చినా దుమ్ము లేవడం లేదు. నేలకు మెరుపేమీ రాలేదు, రంగూ మారలేదు. మెరుపు కోరుకునేవారు ఈ దారి పట్టకూడదు. నూనెను ఈ సీలర్ పూర్తిగా ఆపదు కాబట్టి, పడ్డ వెంటనే తుడవడం తప్పదు. మిగిలింది జాయింట్లు నింపడం. పలక వ్యాకోచ సంకోచాలకు అనుగుణంగా కొంత సాగే పాలీయూరియా ఫిల్లర్‌నే వాటికి వాడబోతున్నాను.