ప్రాగ్‌లో 3 లేని వంటకం

అమ్మ గుడ్డు కూడా తినదు. ప్రాగ్‌లో మా నాలుగు రోజుల తిండి తిప్పలన్నీ ఆ ఒక్క ముక్క చుట్టూనే తిరిగాయి. శాకాహార హోటళ్లు లేక కాదు, ఊరి నడిబొడ్డున చాలానే ఉన్నాయి. కానీ అమ్మకి చెక్ వాళ్ల వంట, చెక్ వాళ్లు తినే చోట కూర్చుని తినాలని కోరిక. "ఇంత దూరం వచ్చి మళ్లీ పప్పన్నమేనా?" అంది విమానం దిగీ దిగగానే.

మొదటి రోజు మధ్యాహ్నం ఓల్డ్ టౌన్ స్క్వేర్ దగ్గర ఒక హోటల్లో బంగాళాదుంప సూప్ చెప్పాను. పుట్టగొడుగులు, మార్జోరం అనే ఆకు వేసి చిక్కగా కాస్తారు. వెజిటేరియనేనా అని ఇంగ్లిష్‌లో అడిగితే వెయిటర్ తల ఊపాడు. మూడో స్పూన్‌కి అమ్మ ఆగింది. స్పూన్‌లో శనగబద్దంత ఎర్ర ముక్క. "క్యారెట్టా ఇది?" అంది. వాసన చూస్తే నాకు అర్థమైపోయింది. వెయిటర్‌ని పిలిస్తే, "కొంచెమేనండీ, రుచి కోసం" అన్నాడు. అమ్మ ఒక్క మాట అనలేదు, లేచి వెళ్లి నోరు పుక్కిలించి వచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ రాత్రి రూములో అరటిపళ్లు, పెరుగు.

తను పడుకున్నాక ఫోన్‌లో తీసుకున్న మెనూ ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి వంటకం పక్కనా చిన్న అంకెలు: 1, 3, 7 అని, 1, 7, 9 అని. మొదట ధరలో ఏదో లెక్క అనుకున్నాను. అవి అలర్జీ నంబర్లు. యూరోపియన్ యూనియన్‌లో 2014 డిసెంబరు నుంచి 14 రకాల పదార్థాల సంగతి హోటళ్లు చెప్పి తీరాలి. 1 అంటే గోధుమల్లాంటి వాటిలో ఉండే గ్లూటెన్, 3 గుడ్డు, 4 చేప, 7 పాలు, 9 సెలరీ. రొయ్యలూ పీతలూ 2, నత్తలూ ఆల్చిప్పలూ 14. నాకు పెద్ద తాళంచెవి దొరికినట్టయింది. అయితే మాంసానికి నంబర్ లేదు, అది అలర్జీ జాబితాలో రాదు కదా. దానికి మాటలే నేర్చుకోవాలి. మసో అంటే మాంసం, షుంకా హామ్, స్లానినా బేకన్ (రెండూ పంది మాంసమే), సాద్లో పంది కొవ్వు, వీవర్ అంటే మామూలుగా ఎముకలు గానీ మాంసం గానీ వేసి కాచిన రసం.

ఈ జల్లెడ పట్టేసరికి మిగిలింది తక్కువే. శాకాహారులకి అందరూ చెప్పే వేయించిన చీజ్ పక్కన 3 ఉంది. పిండిలో, గుడ్డులో, బ్రెడ్ పొడిలో దొర్లించి వేయిస్తారు మరి. బంగాళాదుంప అట్టులోనూ 3. లోపల పండు పెట్టి, పైన వెన్న, చక్కెర వేసే ఉండలు ఉంటాయి, వాటినే వాళ్లు భోజనంగా తింటారు. ఆ పిండిలోనూ 3. రెండో రోజు ఇక ఓపిక లేక టీన్ చర్చి వెనక సందులో, కంచం తూచి డబ్బులు తీసుకునే బియాస్ అనే మన శాకాహార భోజనశాలకి తీసుకెళ్లాను. అమ్మ తింది గానీ, మొహంలో ఓడిపోయిన కళ.

మూడో రోజు 22 నంబరు ట్రామ్ ఎక్కి వినోహ్రాడీ అనే పేట వైపు వెళ్లాం. దారిపొడుగునా అమ్మకి ఒక వాక్యం నేర్పాను: "నేయీమ్ మసో, రిబి అని వేయ్‌ట్సె." మాంసం, చేప, గుడ్డు తినను అని. "మధ్యలో మన 'అని' ఎందుకొచ్చిందే?" అని నవ్వింది.

అదో మామూలు బీరు హోటల్. మధ్యాహ్నం మెనూలో 'చోచ్కా నా కిసెలో' అని ఉంది. చోచ్కా అంటే పప్పు. ఉడికించిన మసూర్ లాంటి గింజల్లో వెనిగర్ పోసి పుల్లగా చేస్తారు. కొత్త సంవత్సరం రోజున తింటే డబ్బు కలిసొస్తుందని వాళ్ల నమ్మకం. దానిమీద వేయించిన గుడ్డు, పక్కన ఊరగాయ దోసకాయ. నేర్పిన ఆ వాక్యం అమ్మే అప్పజెప్పింది. పెద్దాయన వెయిటర్ రెండుసార్లు విన్నాడు. సాద్లో, వీవర్ ఉన్నాయా అని నేనడిగితే వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చి, లేవన్నాడు, నూనేనట.

పప్పు వచ్చింది. అమ్మ ఒక స్పూన్ నోట్లో పెట్టుకుని కళ్లు మూసింది. "పుల్లపప్పే. పోపు ఒక్కటే తక్కువ." సగం అయ్యాక ఆయన మళ్లీ వచ్చి ఒక సాసర్ పెట్టి వెళ్లాడు. అందులో వేయించిన గుడ్డు. భోజనం ధరలో అదీ కలిసే ఉంది, వదిలేయడానికి ఆయనకి మనసొప్పలేదేమో.

హాస్టల్లో ఉన్నప్పటి నుంచీ నేను గుడ్డు తింటున్నానని ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ కిటికీలోంచి ట్రామ్ వైపు చూస్తూ, రెండు వేళ్లతో ఆ సాసర్‌ని నా వైపు జరిపింది.