అమ్మ చెప్పిన మ్యూజియం ప్లాన్

ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో మొహెంజొదారో నాట్యగత్తె కంచు బొమ్మను చూసి అమ్మ, "ఇంతేనా? జానెడు కూడా లేదే!" అంది. నిజమే, 10.5 సెంటీమీటర్లే. నాగార్జునకొండ శిల్పాల దగ్గరికొచ్చాక మాత్రం "మన పల్నాటి రాయి" అంటూ కదిలితే ఒట్టు. మోకాళ్లు మొరాయించాకే బెంచీ ఎక్కింది.

కొత్త జాతీయ మ్యూజియాన్ని రాష్ట్రపతి భవన్ దగ్గరున్న నార్త్, సౌత్ బ్లాకుల్లో పెడతారట కదా. బ్రిటిష్ ఆర్కిటెక్ట్ హెర్బర్ట్ బేకర్ ఆఫీసుల కోసం గీసిన భవనాలవి. గదుల వెంట గదులు, పొడుగాటి వరండాలు. అరచేతిలో పట్టే ఆ కంచు బొమ్మకు అక్కడ ఎంత చోటు ఇవ్వాలి? వెలుతురు ఎటు నుంచి పడాలి? జనం ఎక్కడ ఆగాలి, ఎటు తిరగాలి? (నాకు మా ఇంటి షోకేసు సర్దడమే టెన్షన్.)

అమ్మనడిగితే ఒకటే మాట: "ముందు బెంచీలు గీయమను. బొమ్మలు తర్వాత పెట్టుకోవచ్చు."